వేలంపాటయందలి మితభాషణము

బ్రిడ్జి ఆటలో పదమూడేసి ముక్కలు చేతబట్టి ఎదురెదురుగా కూర్చున్న భాగస్వాములకు, ఏడు మెట్లపై నాలుగు రంగులును నోట్రంపును కలిసి ఏర్పడు 35 పాటలును, పాసు, డబులు, రీడబులు అను మూడు పలుకులును తప్ప వేఱు భాష లేదు. ఇంత స్వల్పపదసంపదతో పరస్పర బలాబలములను తెలుపుకొను పద్ధతిని నిర్మించుట ఉత్తమమైన బుద్ధివ్యాయామమని నా భావము.

ఆసునకు 4, రాజునకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కించి, 15 మొదలు 17 పాయింట్లతో ఒకరు ‘ఒక నోట్రంపు’ పాడగా, నాలుగు ఆఠీన్లును కొంత బలమును గల భాగస్వామి స్టేమన్ పద్ధతి ననుసరించి ‘రెండు కళావర్లు’ అనును. ఇస్పేటులోగాని ఆఠీనులోగాని నాలుగు ముక్కలున్నవా యని దాని ప్రశ్న. ‘రెండు ఆఠీన్లు’ అని జవాబు రాగానే ఎనిమిది తురుపులు కుదిరినట్లే. అయితే కళావర్లు మాత్రమే మెండుగాగల బలహీనపు చేతితో ఆ మెట్టున ఆగు సదుపాయము దీనివలన పోయినది. ప్రతి సంకేతమునకును ఇట్టి మూల్యము కలదు.

ఈ ఒడంబడికలన్నియు ప్రత్యర్థులకు వెల్లడింపవలెనను నియమము ఆటకు గౌరవము తెచ్చుచున్నది. దాచుటకు వీలులేనిచోట ఇరువురి ఏకాభిప్రాయమే ఆయుధము. కావున సంకేతబాహుళ్యముకంటె, కొలదిపాటి సంకేతములను ఏకార్థముతో గ్రహించు సామరస్యమే మేలని నా దృఢవిశ్వాసము.