పాడె కట్టే ముందు

కోనసీమలో ఒకరు పోయారంటే ఇంట్లో మొదట తేలాల్సింది ఒకటే: కువైట్‌లో ఉన్న పిల్లలు ఎప్పటికి దిగుతారు?
అంతవరకూ అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ బాక్సు, వరండాలో.

తరవాత దహనమా, ఖననమా. అది మతాన్నీ కులాచారాన్నీ బట్టి.
దహనమైతే మూడు నాలుగు వందల కిలోల కట్టెలు కావాలి. మామిడి కట్టెకే మొగ్గు.
వరదల్లో గోదారి పోటెత్తితే లంక ఊళ్లలో శ్మశానమే మునుగుతుంది. అప్పుడు గట్టు మీద మెరక వెతుక్కోవాలి.

చితి దగ్గర కర్త నీళ్లకుండ భుజాన పెట్టుకుని మూడు చుట్లు తిరుగుతాడు.
చుట్టుకో చిల్లు.
ధార ఇంకా కారుతుండగానే కుండ వెనక్కి వదిలేస్తాడు. తిరిగి చూడడు.

సంచయనం నాడు ఏరిన అస్థికలను కొందరు రాజమండ్రి కోటిలింగాల రేవులో కలుపుతారు. కొందరు అంతర్వేదిలో, గోదారి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసేచోట.

చివరిది కాగితం. 1969 చట్టం ప్రకారం 21 రోజుల్లో మరణం నమోదు చేయించాలి. పల్లెలో పంచాయతీ, అమలాపురంలో మున్సిపాలిటీ. పెద్దకర్మ హడావుడిలో మరిచిపోయేది ఇదే.

ఏ రేవు, ఎవరి చేత తలకొరివి...
ఇవి బతికుండగానే చెప్పుకోదగ్గ మాటలు.
చెప్పుకున్న ఇళ్లు ఎన్ని?