టార్చి బ్యాటరీ మార్చే ముందు ఒక్క మాట



వానాకాలం కరెంటు పోతే మన ఊళ్లలో చార్జింగ్ టార్చే దిక్కు. దారిలో పాము కనబడాలన్నా, చేను కావలికి పోవాలన్నా అదే. వెలుగు తగ్గిందని టార్చి పారెయ్యక్కర్లేదు, లోపలి బ్యాటరీ మార్చుకోవచ్చు. సెలవులకు ఇంటికి పోతే నాకు ఇదే పని.

కానీ జాగ్రత్త. చాలా టార్చిల్లో ఉండేది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. అంకె దగ్గరగా ఉంది కదా అని కొందరు 3.7 వోల్టుల లిథియం సెల్ పెడుతున్నారు. లెడ్ బ్యాటరీ చార్జింగ్‌లో సుమారు 4.8 వోల్టుల దాకా పోతుంది. మామూలు లిథియం సెల్ 4.2 దాటకూడదు. దాటితే వేడెక్కి ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా. మనవేమో పూరిళ్లు. రాత్రంతా చార్జింగ్ పెట్టి పడుకుంటాం.

అందుకే పాతదాని మీద ఏ రకం, ఎన్ని వోల్టులు అని ఉంటే అదే కొనండి. విప్పే ముందు చార్జింగ్ నుంచి తీసెయ్యండి. ఏ వైరు ప్లస్‌కి ఉందో, ఏది మైనస్‌కి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. రెండు వైర్ల కొసలు ఒకదానికొకటి తగలనివ్వొద్దు. పాత బ్యాటరీ పగలగొట్టొద్దు, పొయ్యిలో వెయ్యొద్దు. లోపల సీసం, యాసిడ్ ఉంటాయి. బ్యాటరీల షాపులో ఇచ్చెయ్యండి.

బ్యాటరీ మీద రాసేది ఇంగ్లీషులో. మా ఇంట్లో పెద్దవాళ్లెవరూ అది చదవలేరు. చదువుకుంటున్న మనమే చదివి చెప్పాలి.