నడపడం వచ్చినవాళ్ళందరికీ నేర్పడం వస్తుందా?

మా అమ్మాయి సివిల్ ఎయిర్ పెట్రోల్‌లో కాడెట్ అని చెప్పగానే ఇక్కడ అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "భయం వెయ్యదా?" అని. రెండోది "ఎంతవుతుంది?" అని. "నేర్పేదెవరు? వాళ్ళకేం అర్హత ఉంది?" అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సంగీతం టీచర్ని వెతికేటప్పుడు ఆవిడ ఎవరి శిష్యురాలో కూడా కనుక్కుంటాం కదండీ! పిల్లని ఆకాశంలోకి పంపేటప్పుడు అంతకంటే ఎక్కువే అడగాలని నాకనిపించింది. అడిగాను. తెలుసుకున్నది మీకూ చెబుతాను.

ముందు ఈ సంస్థ గురించి రెండు మాటలు. ఇది 1941 డిసెంబరులో మొదలైంది. అమెరికా ఎయిర్ ఫోర్స్‌కి అనుబంధంగా స్వచ్ఛందంగా పనిచేస్తుంది. మన ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ లాంటిదనుకోండి. 12 ఏళ్ళు నిండితే పిల్లలు చేరొచ్చు. ఐదు సార్లు చిన్న విమానంలో, ఐదు సార్లు గ్లైడర్‌లో ముందు సీట్లో కూర్చోబెట్టి ఉచితంగా తిప్పుతారు. వాటిని ఓరియెంటేషన్ ఫ్లైట్లు అంటారు. అవి పాఠాలు కావు, రుచి చూపించడం అంతే. పాఠాలు మొదలయ్యాక మాత్రం పక్క సీట్లో ఎఫ్.ఏ.ఏ. సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్ట్రక్టరే ఉండాలి. ఎఫ్.ఏ.ఏ. అంటే మన డీజీసీఏ లాంటి ప్రభుత్వ శాఖ.

మా అమ్మాయికి పాఠాలు చెప్పే అబ్బాయికి 23 ఏళ్ళు. వీడియో కాల్‌లో ఫోటో చూపించగానే తెనాలి నుంచి మా అత్తయ్య, "ఏమ్మా, ఆ పిల్లాడికి మీసాలైనా సరిగ్గా రాలేదు, వాడేం నేర్పుతాడే?" అన్నారు. మా వారు నవ్వేశారు కానీ నాకది న్యాయమైన ప్రశ్నే అనిపించింది. ఆ శనివారమే పాఠం అయ్యాక ఆ అబ్బాయినే అడిగాను. ఏమీ నొచ్చుకోలేదు. తన సర్టిఫికెట్లు చూపించి ఒక్కొక్కటీ వివరించాడు.

ఇన్‌స్ట్రక్టర్ కావడానికి చట్టం అడిగే వయసు 18 మాత్రమే. కానీ ముందు కమర్షియల్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. మామూలు పద్ధతిలో అయితే దానికే 250 గంటలు ఎగిరి ఉండాలి. పైగా మబ్బుల్లో బయటేమీ కనిపించనప్పుడు మీటర్లు చూస్తూ నడపగలిగే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కావాలి. విమానం అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ కిందికి జారడాన్ని స్పిన్ అంటారట. అందులోంచి బయటపడే శిక్షణ మామూలు ప్రైవేట్ పైలట్‌కి తప్పనిసరి కాదు. గురువుకి తప్పనిసరి. శిష్యులు ఎప్పుడు ఏం చేస్తారో తెలియదు కదా!

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటుంది. ఇవన్నీ ఉన్నా, నేర్పడం మీద వేరే పరీక్ష రాయాలి. మనిషి ఎలా నేర్చుకుంటాడు, భయపడితే బుర్ర ఎలా మూసుకుపోతుంది, తప్పుని ఎలా ఎత్తిచూపాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. మొదట నేర్చుకున్నదే గట్టిగా పాతుకుపోతుంది కాబట్టి మొదటిసారే సరిగ్గా నేర్పాలి అన్నది అందులో ఒక సూత్రం. ఆ తర్వాత ప్రాక్టికల్ పరీక్షలో కుడి సీట్లో కూర్చుని, విమానం నడుపుతూనే, పక్కనున్న ఎగ్జామినర్‌కి పాఠం చెప్పి చూపించాలి.

ఇది విన్నప్పుడు నాకు మా అత్తయ్య అరిసెలే గుర్తొచ్చాయి. ఆవిడ చేతి అరిసెలకి మా వైపు తిరుగులేదు. పాకం ఎప్పుడొచ్చినట్టు అత్తయ్యా అని అడిగితే మాత్రం "చూస్తే తెలియట్లా?" అంటారు. నీళ్ళలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలని నాకు చెప్పింది మా పక్కింటి పిన్నిగారు. ఆవిడ అరిసెలు అత్తయ్యవంత బాగుండవు. కానీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ అరిసెలొచ్చాయి.

అర్హత కాగితాల్లో ఉంటే సరిపోదనీ, అది పనిలో ఎలా కనబడుతుందో మాకు ఈ వేసవిలోనే తెలిసింది. ఇక్కడ 16 నిండితే విమానాన్ని ఒంటరిగా నడపొచ్చు. దాన్నే సోలో అంటారు. మా అమ్మాయి పుట్టినరోజు నాడే సోలో చెయ్యాలని ఏడాదిగా కలలు కంటోంది. దానికి ఇన్‌స్ట్రక్టర్ తనే ఒక రాతపరీక్ష పెట్టి, తప్పులు దిద్ది, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలి. ఆ సంతకం 90 రోజులే చెల్లుతుంది. పుట్టినరోజు వచ్చింది. ఆ అబ్బాయి సంతకం పెట్టలేదు. "పక్క నుంచి గాలి వీచినప్పుడు దించడం ఒక్కోసారి బాగా వస్తోంది, ఒక్కోసారి రావట్లేదు. ప్రతిసారీ వచ్చాకే పెడతాను" అన్నాడు.

అమ్మాయి కారులో దారంతా ఏడ్చింది. తన స్నేహితురాలికి అప్పటికే అయిపోయిందని దాని బాధ. మా వారు కూడా "ఒకసారి నువ్వు మాట్లాడి చూడకూడదూ?" అన్నారు. నేను మాట్లాడలేదు. నా బిడ్డ కన్నీళ్ళు చూసి కూడా వద్దు అనగలిగిన మనిషి, రేపు సరే అన్నప్పుడు నేను నమ్మగలను. మనం చాలాసార్లు చెయ్యలేని పని అది. పిల్ల మొహం చిన్నబోతే చాలు, కరిగిపోతాం.

మీ పిల్లల్ని పంపాలనుకుంటే ఇవి అడగండి. ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉందా? పేరుతో వెతికితే ఎఫ్.ఏ.ఏ. వెబ్‌సైట్‌లోనే కనిపిస్తుంది. రెండేళ్ళకోసారి ఆ అర్హతని నిలబెట్టుకోవాలి, నిలబెట్టుకున్నారా? 24 గంటల్లో 8 గంటలకి మించి ఎగురుతూ పాఠం చెప్పకూడదన్న నియమం ఉంది, దాన్ని పాటిస్తున్నారా? పిల్లలతో పనిచేసే పెద్దవాళ్ళ నేపథ్యం పరిశీలించారా? మా అమ్మాయి ఉన్న సంస్థలో పెద్దవాళ్ళు చేరాలంటే వేలిముద్రలిచ్చి ఎఫ్.బి.ఐ. తనిఖీ దాటాలి. పిల్లల రక్షణ మీద శిక్షణ కూడా తీసుకోవాలి. చివరిగా ఇంకొకటి అడగండి: "మీరు ఎవరికైనా సంతకం పెట్టనన్నారా?" ఆ జవాబు చెప్పేటప్పుడు మొహం చూడండి.

అమ్మాయి అలక రెండు రోజుల్లో తీరింది. ఇప్పుడు పొద్దున్నే లేచి గాలి ఎటు వీస్తోందో చూస్తోంది. మొన్న శనివారం కూడా పాఠానికి వెళ్ళొచ్చింది. సంతకం ఇంకా పడలేదు. అత్తయ్య మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "ఆ మీసాల్లేని మాస్టారు ఏమన్నాడే?" అని అడుగుతున్నారు. మాస్టారు అంటున్నారు, గమనించారా!