రేవెన్‌హోమ్‌లో ఒక్క రాత్రి చాలు

విజ్ఞాన కల్పనతో నడిచే ఆటల వరుస ఒకటి జాంబీల ఊరిలోకి అడుగుపెట్టవచ్చునా? తెల్లవారేదాకా ప్రాణం నిలుపుకోవడమే పనిగా గల ఆటగా మారవచ్చునా? ఇది ఇబ్రహీంపట్నంలో కూర్చుని ఆలోచించవలసిన సంగతేనా అని కొందరికి తోచవచ్చు. మా ఊరి మీదుగా నాగార్జునసాగర్‌కు పోయే రహదారి వెంబడి ఇంజనీరింగ్ కళాశాలలకు కొదవ లేదు. ఒకప్పుడు ఆ పిల్లలు కంప్యూటర్లను తీగలతో కలుపుకొని రాత్రంతా కౌంటర్-స్ట్రైక్ ఆడేవారు. ఆ ఆట 'హాఫ్-లైఫ్' అనే మరొక ఆటకు అభిమానులు చేసిన మార్పులలోంచి పుట్టింది. నా ప్రశ్నకు జవాబు ఆ తల్లి ఆటలోనే దొరుకుతుంది.

వాల్వ్ సంస్థ 1998లో హాఫ్-లైఫ్‌ను, 2004లో దాని రెండవ భాగాన్ని విడుదల చేసింది. కథానాయకుడు గోర్డన్ ఫ్రీమన్ భౌతిక శాస్త్రజ్ఞుడు. ఒక ప్రయోగం వికటించి అన్యలోకపు జీవులు భూమిపైకి రావడంతో కథ మొదలవుతుంది. రెండవ భాగంలో రేవెన్‌హోమ్ అనే ఊరు వస్తుంది. అది పాత గనుల ఊరు. పాలకుల కన్నుగప్పి జనం అక్కడ తలదాచుకున్నారని తెలిసి, శత్రువు ఆ ఊరిమీద తలకాయలకు పట్టే పురుగులను గుండ్లలో నింపి కురిపించాడు. పురుగు పట్టిన మనిషి జాంబీ అయ్యాడు. ఊరంతా అదే గతి పట్టింది. మిగిలినవాడు గ్రిగోరీ అనే ఫాదరీ ఒక్కడే.

ఆ ఘట్టం అంతగా పండటానికి కారణాలు వెతికితే, మొదటిది జాంబీ అక్కడ అరువు సరుకు కాకపోవడం. ఆ పురుగు మొదటి భాగం నుంచీ ఆ లోకంలో ఉన్నదే. రెండవది, ఆటగాని చేతిలోని ఆయుధం. ఊరిలోకి ప్రవేశించే ముందే వస్తువులను లాగి విసిరే గురుత్వ తుపాకీ దొరుకుతుంది. తూటాలు కరవైనచోట రంపపు బిళ్ళలు, రంగు డబ్బాలు, గ్యాసు బండలు ఆయుధాలవుతాయి. భయపడుతూనే బరువును, వేగాన్ని లెక్కగట్టుకోవాలి. అంటే శాస్త్రం చేయి విడువలేదు. మూడవది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. గ్రిగోరీ వాటిని కాలుస్తూనే, అవి తన మందలోని బిడ్డలే అన్నట్లు మాట్లాడతాడు. నిప్పంటుకున్న జాంబీ అరుపును వెనుకనుంచి ముందుకు వినిపిస్తే దేవుణ్ణి సాయం వేడుకునే మనిషి గొంతు వినిపిస్తుంది. పురుగు కింద మనిషి ఉన్నాడని ఆట మరువనివ్వదు.

ఇంత బాగున్నప్పుడు ఆ ఊరినే పూర్తి ఆటగా మలచకూడదా? ఆ ప్రయత్నమూ జరిగింది. ఆర్కేన్ సంస్థ రేవెన్‌హోమ్ కథగా ఒక ప్రత్యేక భాగాన్ని కొంతవరకు తయారు చేసింది. వాల్వ్ దానిని మధ్యలోనే ఆపివేసింది. 2020లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో దాని దృశ్యాలు చూసినవారు చాలామంది అయ్యో అన్నారు. నేననను. విజ్ఞాన కల్పన "ఇది ఎందుకిలా జరిగింది?" అని అడుగుతుంది. జాంబీల ఆట "తూటాలెన్ని మిగిలాయి?" అని అడుగుతుంది. మొదటి ప్రశ్న నడుమ రెండవది ఒక్క రాత్రి తలెత్తితే కథకు బిగువు. రెండవదే కాపురముంటే మొదటిది మూగబోతుంది.

మన కథలలో దెయ్యానికి పేరుంటుంది, ఊరుంటుంది, తీరని కోరిక ఉంటుంది. ఎవరి కోడలో, ఎవరి కొడుకో చెబుతారు. జాంబీకి ఇవేవీ ఉండవు. అది ఒట్టి గుంపు. 2021లో వచ్చిన 'జాంబీ రెడ్డి' చిత్రంలో ప్రశాంత్ వర్మ ఈ గుంపును కర్నూలు ఫ్యాక్షన్ కథలోకి దించాడు. కథానాయకుడు వీడియో ఆటలు తయారుచేసేవాడు కావడం మన చర్చకు తమాషాగా అమరింది. పగలు, వేటకొడవళ్ళు, బంధువులు ముందే ఉన్న ఊరు గనుక జాంబీలు అక్కడ పరాయిగా తోచలేదు.

పేరు లేని గుంపును చూసి భయపడటం ఆటవరకే ఆగదు. 2020 మార్చిలో తెలంగాణ పల్లెలు చాలా తమ దారులకు ముళ్ళకంపలు అడ్డం వేసుకున్నాయి. ఆ భయానికి కారణముంది, కాదనను. అయినా కంపకు అవతల నిలిచిన మనిషి అంతకుముందు పేరుపెట్టి పిలిచినవాడే. ఆ నెలలోనే 'హాఫ్-లైఫ్: అలిక్స్' విడుదలైంది. అందులో ఒక చూపులేని వికృతజీవి ఉంటుంది, చప్పుడును బట్టే మీదికి వస్తుంది. దగ్గు రాకుండా ఆటగాడు నోటికి చేయి అడ్డం పెట్టుకోవాలి. దానికి ఆ ఆట 'జెఫ్' అని పేరు పెట్టింది! పేరు పెట్టడంతోనే అది గుంపునుంచి వేరైంది.

కనుక నా తీర్పు ఇది. ఆటల వరుస ఆ ఊరికి వెళ్ళవచ్చు. తన లోకపు కారణంతో వెళ్ళాలి, ఒక్క రాత్రికే వెళ్ళాలి, అక్కడివారి పేర్లు తెలుసుకుని తిరిగి రావాలి. రేపు మా పిల్లలెవరైనా ఇబ్రహీంపట్నం చెరువు కట్టమీద అటువంటి ఆట అల్లితే, అలుగు దగ్గర తడబడుతూ వచ్చే ఆకారం ఏ వాడ మనిషిదో ఆడేవాడికి తెలియాలి. తెలిసిన తరువాత కొడవలి ఎత్తడం ఎంత కష్టమో, ఆట అక్కడ మొదలవుతుంది.