డిగ్రీకి మూడు రూపాయల అరవై పైసలు

"తెల్లారగట్ల కొట్టిస్తే పెట్రోలు చిక్కగా ఉంటుందిరా అబ్బాయ్, ఎండెక్కితే పల్చబడిపోద్ది" అంటాడు మా బాబాయి. సఖినేటిపల్లిలో ఆ మాట నమ్మేది ఆయనొక్కడే కాదు. వేసవి వచ్చిందంటే వాట్సాప్‌లో కూడా ఎవరో ఒకరు పంపిస్తూనే ఉంటారు. మాటలో అబద్ధం లేదు. లెక్క వేస్తే వచ్చే డబ్బే చిన్నది. ఎంత చిన్నదో తేల్చుకున్నాక, పెట్రోలు పద్దులో దేన్ని పట్టించుకోవాలో దేన్ని వదిలెయ్యాలో నాకు స్పష్టమైంది.

తోట దగ్గరికి, దింపుల రోజుల్లో కూలీల కోసం, రాజోలు బ్యాంకుకి, నరసాపురం బజారుకి తిరగ్గా నాకు నెలకి సుమారు 3,000 రూపాయల పెట్రోలు పడుతుంది. పెట్రోలు డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే దాదాపు 0.12 శాతం ఉబ్బుతుంది. డీజిలైతే కాస్త తక్కువ, 0.085 దగ్గర. ఇంజనుకి కావలసింది పెట్రోలు బరువు, మనం కొనేది లీటర్లు. కాబట్టి వేడెక్కిన లీటరులో సరుకు తక్కువే. నా 3,000 మీద ఒక్క డిగ్రీ ఖరీదు 3 రూపాయల 60 పైసలు.

దీన్ని కళ్ళారా చూడాలంటే పొద్దున్నే బంకుకి వెళ్ళాలి. అరలీటరు గాజు జాడీలో పెట్రోలు పట్టి అందులో హైడ్రోమీటరు వదులుతారు. అది రెండుసార్లు పైకీ కిందికీ ఊగి నిలబడుతుంది. పక్కనే థర్మామీటరు. నేను నిలబడి చూసినప్పుడు హైడ్రోమీటరు 731.5 దగ్గర ఆగింది, వేడి 30 డిగ్రీలు. బంకు కుర్రాడు అట్ట నలిగిన పట్టిక తిరగేసి రిజిస్టరులో 745 అని రాశాడు. "ఇక్కడ 731 ఉంటే అక్కడ 745 ఎందుకు రాశావయ్యా?" అంటే, "పదిహేను డిగ్రీల లెక్కండీ, చలానాలో అదే ఉంటదండి" అన్నాడు. ట్యాంకరుతో వచ్చిన చలానాలోని సాంద్రతకీ ఈ అంకెకీ 3 కంటే ఎక్కువ తేడా వస్తే సరుకుని అనుమానించాలి. కొనేవాడు అడిగినా ఈ పరీక్ష చేసి చూపించాల్సిందే, అడిగేవాళ్ళే అరుదు.

ఆ రెండు అంకెల మధ్యే ఉంది బాబాయి వాదనంతా. 15 డిగ్రీల దగ్గర లీటరు 745 గ్రాములు తూగే పెట్రోలు మన దగ్గర 731.5 గ్రాములే తూగుతోంది. పదమూడున్నర గ్రాములు తక్కువ. లీటరు 110 రూపాయలకు అటూఇటూగా ఉన్న రోజుల్లో అది రెండు రూపాయల సరుకు. బాగానే ఉంది గానీ, కోనసీమలో 15 డిగ్రీల పెట్రోలు ఏ నెలలో, ఏ జాములో దొరుకుతుంది?

పోనీ, తెల్లారగట్లకీ మిట్టమధ్యాహ్నానికీ తేడా ఉంటుందా అంటే, బంకు ట్యాంకు ఉండేది భూమిలో. మన బోరు నీళ్ళు సంక్రాంతికి గోరువెచ్చగా, రోహిణిలో చల్లగా తగులుతాయే, ట్యాంకు సంగతీ అంతే. మారేది బయట గాలి, లోపలి వేడి కాదు. ఎండలో రాజమండ్రి నుంచి వచ్చిన ట్యాంకరు అప్పుడే దించితే కాస్త వెచ్చబడవచ్చు. మామూలు రోజున పొద్దుటికీ సాయంత్రానికీ ఒక డిగ్రీ తేడా వచ్చినా ఎక్కువే. అంటే నిద్ర మానుకుని బంకుకి పోతే నెలంతటికీ నాకు మిగిలేది టీ నీళ్ళ డబ్బులు కూడా కాదు.

అప్పట్నుంచి నేను పెట్రోలు ఖర్చులన్నిటినీ డిగ్రీల్లోకి మార్చి చూస్తున్నాను. పిచ్చి లెక్కే, కానీ పనికొచ్చింది. తూనికలు కొలతల వాళ్ళ ముద్ర ఉన్న అయిదు లీటర్ల కొలపాత్రలో 25 మిల్లీలీటర్ల దాకా తేడాని నిబంధనలే ఒప్పుకుంటాయి. అది అర శాతం, అంటే నాలుగు డిగ్రీలు. క్రెడిట్ కార్డు గీకితే ఒక శాతం సర్‌ఛార్జి, అంటే ఎనిమిది డిగ్రీలు. చాలా కార్డులు దాన్ని మాఫీ చేస్తాయి గానీ, నాలాగా రెండు మూడు వందలకి కొట్టించేవాళ్ళకి చాలావాటిలో ఆ మాఫీ వర్తించదు. అందుకే బంకులో కార్డు తియ్యడం మానేసి యూపీఐకి మారాను. కిరాణా కొట్టులో సీసా పెట్రోలు లీటరుకి పది రూపాయలు పైన వేసి అమ్మితే అది డెబ్బై అయిదు డిగ్రీలు! పైగా ఎండలో వెచ్చబడేది అసలు ఆ సీసాయే.

ఇక యానాం. పుదుచ్చేరి పన్నుల పుణ్యమా అని అక్కడ లీటరుకి మనకంటే పది రూపాయలకు పైగా తక్కువ. దానికోసమే అమలాపురం, ముమ్మిడివరం దాటి, ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి వెళ్తే, నా స్కూటీ ట్యాంకులో పట్టే అయిదు లీటర్లకి మిగిలేది యాభై చిల్లర. పోనూ రానూ తాగేది దానికి నాలుగైదు రెట్లు. వేరే పని మీద అటు వెళ్ళినప్పుడు మాత్రం నింపకుండా రాను. నింపినా మూతి దాకా పోయించను. భూమిలోంచి వచ్చిన అయిదు లీటర్లు ఎండలో మరో పదిహేను డిగ్రీలు వేడెక్కితే 90 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి, వాటికి చోటు ఉండాలి. ఉష్ణోగ్రత నిజంగా డబ్బు ఒలకబోసేది అక్కడే.

దేశం మొత్తానికి 15 డిగ్రీల లెక్కన అమ్మితే న్యాయం కదా అనేవాళ్ళున్నారు. నాకు నమ్మకం లేదు. కెనడాలో ఆ సర్దుబాటు చేసే పంపులు 1990ల నుంచి ఉన్నాయి. అది చలిదేశం, చిక్కటి పెట్రోలు పోసి నష్టపోయేది అమ్మేవాడు, అందుకే అక్కడ తొందరగా వచ్చాయి. వేడి ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో ఇంధన కమిషన్ 2009లో ఇదంతా లెక్కగట్టి, కొనేవాడికి ఒరిగేది లేదని తేల్చింది. పంపు మార్చిన ఖర్చు, ఎక్కువ పోసిన సరుకు రెండూ చివరికి లీటరు ధరలోనే కలుస్తాయి. మన తాటిపాకలోనే ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ ఉంది, ఏడాదికి 66,000 టన్నుల సామర్థ్యం. అక్కడ లెక్క టన్నుల్లో, బంకులో లీటర్లలో. ఆ మార్పిడిలో పోయేదాన్ని ధర ఎప్పుడో కలుపుకుంది.

నాకు అసలు మిగులు రేవులో ఉంది. నరసాపురానికి పంటు మీద వశిష్ఠ దాటితే స్కూటీ పెట్రోలు తాగదు. అదే దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి పాలకొల్లు తిరిగి వెళ్తే ఒక వైపుకే అర లీటరు పైన. పంటు కోసం నిలబడే టైము మాత్రం డిగ్రీల్లోకి మారలేదు, ఎంత గింజుకున్నా. వరదొచ్చి పంటు ఆపేస్తే మాత్రం నరసాపురం పనులన్నీ ఒక చీటీ మీద రాసిపెట్టి, ఒకే రోజున చించినాడ మీదుగా చక్కబెట్టుకొస్తున్నాను.