మైసూరులో మా అమ్మాయి చదివిన చెవుల చదువు

మైసూరు అనగానే మనకి గుర్తొచ్చేవి ప్యాలెస్, చాముండి కొండ, బృందావన్ గార్డెన్స్, ఆపైన మైసూర్ పాక్. పెళ్ళైన కొత్తలో నేనూ అవే చూసొచ్చాను. అదే ఊళ్ళో చెవికీ మాటకీ సంబంధించిన పెద్ద విద్యాసంస్థ ఉందనీ, మా అమ్మాయి నాలుగేళ్ళు అక్కడే చదువుతుందనీ అప్పుడెవరైనా చెబితే నవ్వేసేదాన్ని.

మాది అనంతపురం. 2014లో అమ్మాయిని చేర్పించడానికి మావారూ నేనూ బయల్దేరాం. బెంగళూరు దాకా బస్సు, అక్కణ్ణించి రైలు. ఆ రైలు ప్రయాణం మాత్రం ఎన్నిసార్లు చేసినా విసుగనిపించదు. రామనగరం దగ్గర 'షోలే' సినిమా తీసిన కొండలు కనిపిస్తాయి. చెన్నపట్నం కొయ్యబొమ్మలు మన ఏటికొప్పాక లక్కబొమ్మలకి అక్కచెల్లెళ్ళే, రెండూ అంకుడు కర్రతోనే చేస్తారట! ఇక మద్దూరు వచ్చేసరికి వడలవాళ్ళు పెట్టెలోకి ఎక్కేస్తారు. ఆ వడకి మినప్పప్పు అక్కర్లేదండోయ్. బొంబాయి రవ్వ, బియ్యప్పిండి, కాస్త మైదా, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి, కాగిన నూనె రెండు గరిటెలు పోసి, నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా పిసికి, పల్చగా తట్టి సన్నసెగ మీద వేయించడమే. రెండు రోజులు నిలవుంటుంది.

సరే, అసలు సంగతికొస్తాను. ఆ సంస్థ పేరు ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్. మానసగంగోత్రిలో, కుక్కరహళ్ళి చెరువుకి దగ్గర్లో ఉంటుంది. 1965లో మొదలైంది, కేంద్ర ఆరోగ్యశాఖ కింద నడుస్తుంది. భవనానికి 1966లో శంకుస్థాపన చేసింది అప్పటి రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు. ఆయన వయసులో ఉండగా మైసూరులోనే తత్వశాస్త్రం పాఠాలు చెప్పారు, తర్వాత మన ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. చెట్లు, నీడ, నిశ్శబ్దం... లోపల అడుగుపెడితే బైట ఉన్న ఊరు మర్చిపోతాం.

మా అమ్మాయికి ఈ చదువు మీద మనసు పోవడానికి కారణం మా అత్తగారు. ఆవిడకి పదేళ్ళుగా వినికిడి తగ్గింది. శబ్దం వినిపిస్తుంది, మాట అర్థం కాదు. నలుగురూ నవ్వుతుంటే ఆవిడా నవ్వేవారు, ఎందుకో తెలీకుండానే. చిన్నప్పట్నించీ మనవరాలే ఆవిడ చెవుల్లా ఉండేది. ఇంటర్ అయ్యాక అందరూ ఇంజనీరింగ్ అంటుంటే ఇది మాత్రం "ఆడియాలజీ చదువుతా" అంది. బంధువుల్లో ఒకాయన "చెవిలో గుబిలి తీసే చదువా?" అని వెటకారం చేశారు. అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది కానీ మాట మార్చలేదు.

తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను. ఆపరేషన్లూ మందులూ ఇ.ఎన్.టి. డాక్టరు పని. ఎంత వినిపిస్తోంది, లోపం చెవిలో ఏ భాగంలో ఉంది, మిషను కావాలా, ఏది సరిపోతుంది అని తేల్చేది ఆడియాలజిస్టు. డిగ్రీ మూడేళ్ళు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మా అమ్మాయి ఎం.పి.సి., ఫిజిక్సూ కెమిస్ట్రీతో పాటు లెక్కలున్నా తీసుకున్నారు. దేశమంతటికీ కలిపి పెట్టే ప్రవేశ పరీక్ష రాసింది. చదువయ్యాక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకోవాలి. అది లేకుండా ప్రాక్టీసు చేయకూడదు.

ఇంటర్న్‌షిప్ రోజుల్లో ఒకసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఓ.పి. దగ్గర కూర్చున్నాను. కన్నడం, మలయాళం, హిందీ, మధ్యలో మన తెలుగు! కర్నూలు జిల్లా నుంచి వచ్చిన ఒకామె మూడేళ్ళ బాబుని ఒళ్ళో పెట్టుకుని ఉంది. వాడు పుట్టాక రెండేళ్ళ దాకా "మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయిలే" అన్నారట ఇంట్లో. ఈ మాట మనమూ ఎన్నిసార్లు అన్లేదూ! పుట్టిన బిడ్డకి కూడా నిద్రలోనే, నొప్పి లేకుండా వినికిడి పరీక్ష చేయొచ్చు. వాడి వయసు పిల్లలకైతే పరీక్ష ఓ ఆటలా ఉంటుంది. మందపాటి తలుపున్న శబ్దం చొరని గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా ఒక పూస డబ్బాలో వేయమంటారు. వాడు పూస పట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడట. ఆ పూట అమ్మాయి అన్నం సరిగ్గా తినలేదు.

ఉద్యోగం మాత్రం అనుకున్నంత సులువుగా రాలేదు. 2018లో ఒక పెద్ద ఊళ్ళో వినికిడి మిషన్లు అమ్మే షాపులో చేరింది, నెలకి 15 వేలు. పేరుకి ఆడియాలజిస్టు, నెలాఖరుకి అడిగేది మాత్రం ఎన్ని మిషన్లు అమ్మావని. ఒక పెద్దాయన చెవిలో గుబిలి గట్టిపడి ఉంటే, మిషనొద్దు, ముందు డాక్టరు దగ్గర శుభ్రం చేయించుకోండని పంపేసింది. దానికి మేనేజరు చేత మాటలు పడింది. ఎనిమిది నెలలకి మానేసింది. మావారికి కోపం వచ్చింది, నాకైతే గర్వంగానే అనిపించింది.

తర్వాత కాక్లియర్ ఇంప్లాంట్లు చేసే ఆస్పత్రిలో చేరింది. చాలామంది ఆపరేషన్ అయిపోతే పిల్లాడికి వినిపించేస్తుందనుకుంటారు. అది మొదలు మాత్రమేనట. కొన్ని వారాలకి మిషను ఆన్ చేసి, ఆ పిల్లాడికి సరిపడేట్టు శబ్దాలు సర్దాలి, మళ్ళీ మళ్ళీ సర్దాలి. దాన్ని మ్యాపింగ్ అంటారు. ఆపైన మాటలు నేర్పడం నెలలూ ఏళ్ళ పని. అందులో సగం తల్లిదే. వంట చేస్తూ "ఇదిగో ఉల్లిపాయ, ఇదిగో చెంచా" అని చెబుతూనే ఉండాలి. ఓర్పు లేని పిల్లలు ఈ చదువు జోలికి పోవద్దని నా అభిప్రాయం. ఓర్పు ఉంటే ఆస్పత్రులు, బధిర పాఠశాలలు, పెద్ద చదువు చదివితే కాలేజీల్లో పాఠాలు, సొంత క్లినిక్కు, చాలా దారులున్నాయి. విదేశాలకైతే అక్కడి లైసెన్సు వేరేగా తెచ్చుకోవాలి.

మా అమ్మాయి క్లినిక్కు దారి పట్టింది. 2022లో మా ఇంటి వెనక గదిలో ఊరగాయ జాడీలు ఖాళీ చేయించి, గోడలకీ తలుపుకీ శబ్దం ఆగే ఏర్పాటు చేయించుకుంది. వీధిలో ఆటో హారన్లు వినిపిస్తే పరీక్ష తప్పుతుందట. ఆడియోమీటర్ని ఏడాదికోసారి సరిచూపించాలి, ఆ ఖర్చు ముందే పక్కన పెట్టుకుంటుంది. మొదటి నెలలో వచ్చింది ఆరుగురే. అద్దె లేదు కాబట్టి నిలబడింది. పెళ్ళిచూపులకొచ్చిన ఒకావిడ "డాక్టరా, కాదా?" అని రెండుసార్లు అడిగారు. "మీ అత్తగారిని ఒకసారి తీసుకురండి, చూపిస్తాను" అంది అమ్మాయి. తీసుకొచ్చారు కూడా!

అన్నట్టు, మైసూరు వెళ్ళేవాళ్ళు దసరా రోజుల్లో వెళ్తే గదులు దొరకడం కష్టం. మామూలు ఆదివారం వెళ్ళండి, సాయంత్రం ప్యాలెస్‌కి దీపాలు పెడతారు. పిల్లని చూపించేదుంటే సోమవారం పొద్దున్నే ఆస్పత్రి కాగితాలన్నీ పట్టుకుని ఓ.పి.లో నిలబడండి.