మా పాత పద్మిని

రామకృష్ణాపూరు వంటి బొగ్గుగనుల యూరిలో మోటారుబండి కొనుటకు నొక ఋతువు కలదు. సింగరేణి సంస్థ యేటేట తన లాభములో కొంతభాగమును కార్మికులకు పంచిపెట్టును. ఆ సొమ్ము చాలసార్లు దసరాకు ముందుగా చేతికందును. 2024లో ఆ వాటా నూటికి 33 వంతులు. ఆ దినములలో మంచిర్యాలలోని బండ్ల యంగళ్ల యెదుట చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించువారును, గుమ్మడికాయలు పగులగొట్టువారును వరుసకట్టి నిలుతురు. చేతికి వచ్చినది లక్షయో, లక్షన్నరయో, బండి వెల పదిలక్షలు, తక్కినదంతయు నెలవాయిదాలు. ఏడేండ్లు వాయిదాలు కట్టి ముగించునప్పటికి ఆ బండి పాతదగును. ఇరుగుపొరుగు కొత్తది తెచ్చును. మరల నప్పు.

మేమును 2021లో సరిగా ఆ ఋతువునందే బండి కొంటిమి. కాని మేము గనికార్మికులము కాము, బడిపంతులము. లాభములో మాకు వాటా లేదు. కొన్నది 1986 నాటి ప్రీమియర్ పద్మిని. వెల నలువదియైదు వేలు. తెచ్చిననాడు మా వాడకట్టువారు వచ్చి చుట్టును తిరిగి చూచి, "ఎవరిది సారూ, మరమ్మత్తుకు తెచ్చిండ్రా?" అని యడిగిరి. మాదే యనగా నవ్విరి. ఆ నవ్వులో ఎగతాళికంటె జాలియే యెక్కువ.

ఈ బండి పుట్టుక చదువరులలో చిన్నవారికి తెలియకపోవచ్చును. నమూనా ఇటలీదేశపు ఫియట్ వారిది, 1100 అనునది. 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు దానిని బొంబాయిలోని కుర్లాలో కట్టిరి. 1964 మొదలు 1100 డిలైటు అను పేర నడచి, 1970ల నడుమ చిత్తోడు రాణి పేరు దాల్చి పద్మిని యయ్యెను. కొత్తబండికై సొమ్ము కట్టి యేండ్లతరబడి వేచియుండిన కాలమది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత ఆ రాణిరికము సడలెను. 2000 ప్రాంతమున తయారీయే నిలిచిపోయెను. బొంబాయి వీథులలో నలుపు పసుపు రంగుల టాక్సీగా మాత్రము మరికొంతకాలము తిరిగి, 2003 అక్టోబరులో నమోదైన చిట్టచివరి టాక్సీ 2023 అక్టోబరులో ఇరువదియేండ్ల గడువు తీరి వీథిని వదలెను.

మా బాల్యమున కాలనీలోనికి ఫియటుబండి వచ్చినదనగా అధికారి వచ్చెనని యర్థము. పిల్లలము దాని మడ్‌గార్డుమీద వ్రేలితో బొగ్గుధూళిలో పేర్లు వ్రాయుదుము. డ్రైవరు అదలించును. మా తండ్రిగారు తట్టయు చెమ్మసును పట్టి బొగ్గు నింపిన కార్మికుడు. షిఫ్టు దిగి వచ్చి సబ్బుతో మూడుసార్లు తోముకొన్నను ఆయన గోళ్లలోని నలుపు వదలెడిది కాదు. "నీ చేతులు ఇట్ల గావద్దు బిడ్డా, సదువుకో" అనెడివారు. మేము చదివితిమి. మా చేతులకు సుద్దముక్క పొడి తప్ప మరొకటి యంటలేదు. ఈ మాట యిచ్చట నేల చెప్పితిమో ముందు తెలియగలదు.

పద్మినిని నడపుట నేడు బండి నేర్చినవారికి అంత తేలిక కాదు. గేరుకడ్డి నేలమీద నుండదు. స్టీరింగు క్రింద ఎడమప్రక్కన నుండును. ముందరి ఆసనము బల్లవలె నొక్కటే, ముగ్గురు కూర్చుండవచ్చును. తలుపు అద్దమునకు ముందు ముక్కోణపు చిన్న అద్దమొకటి కలదు. దానిని త్రిప్పినచో గాలి సరిగా ముఖమునకు కొట్టును. శీతల యంత్రమెరుగని కాలపు మంచి యుపాయము. ఉదయము చలిగా నున్నప్పుడు చోకుమీట లాగి, ఇంజను వేడెక్కినకొలది మెల్లమెల్లగా లోపలికి నెట్టవలెను. తొందరపడితిరా, దగ్గి యాగిపోవును. ఈ 1089 సీసీల నాలుగు సిలిండర్ల యింజనులో కంటికి కనబడనిది, చేతికందనిది ఏదియు లేదు. నేటిబండి ముందరి కప్పు తెరచిన ప్లాస్టిక్కు మూత తప్ప మరేమియు కనబడదు. దీని కప్పు తెరచిన, ఇది పెట్రోలు పంపు, ఇది కార్బురేటరు, ఇది డిస్ట్రిబ్యూటరు అని బడిపిల్లలకు వ్రేలు పెట్టి చూపవచ్చును. మేము చూపితిమి గూడ. ఎనిమిదవ తరగతి పిల్లలకు అంతర్దహన యంత్రపు నాలుగు ఘాతములు నల్లబల్లమీద మూడేండ్లు చెప్పినను ఎక్కనిది, ఆ బండియొద్ద నొక మధ్యాహ్నములో నెక్కినది.

ఇక దీని గుణదోషములలో కెల్ల గొప్పది ఎండకాలపు మొండితనము. మంచిర్యాల, రామగుండము ప్రాంతముల యెండ తెలుగువారందరికి తెలిసినదే. మేనెలలో 45 డిగ్రీలు ముట్టును. ఆపైన ఉపరితల గనులనుండి లేచు ధూళి. బొగ్గు టిప్పర్లు నలిపిన రోడ్లు. మొదటి వేసవిలో గోదావరిఖనికి పోవుచుండగా, గోదావరి వంతెన దాటిన పిమ్మట బండి యాగిపోయెను. ఎంత త్రిప్పినను పలుకదు. మంచిర్యాలలోని మా ఉస్తాదుకు ఫోను చేసితిమి. ఆయన నవ్వి, "సారూ, ఇంజనుకు ఏం కాలే. పంపు ఉడుకుతున్నది. తడిగుడ్డ సుట్టున్రి, పావుగంట ఆగున్రి" అనెను. ఇందులోని మర్మమిది. పెట్రోలుపంపు ఇంజను దేహమునకే బిగించియుండును. ఆ వేడికి పంపులోను గొట్టములోను పెట్రోలు మరిగి ఆవిరియగును. ద్రవమును తోడుటకైన పంపు ఆవిరిని తోడలేదు, కార్బురేటరు ఎండిపోవును. చల్లారిన ఆవిరి మరల ద్రవమగును. బండికి ఏ లోపమును లేదు, ఎండయే లోపము. ఆనాటినుండి వేసవిలో మా బండిలో ఒక పాతతువ్వాలును, రెండు సీసాల నీరును ఎల్లప్పుడు నుండును. ఒక సీసా మాకు, ఒకటి పంపునకు.

ఈ యుస్తాదునుగూర్చి రెండు మాటలు. ఆయనకు అరువదియేండ్లు దాటినవి. చదువు నాలుగవ తరగతి. కాంటాక్టు పాయింట్ల నడిమి సందును కొలుచుటకు సన్నని రేకులు గల పరికరమొకటి కలదు. ఆయన దానిని పెట్టెలోనుండి తీయక, గోటితో నొక్కి చూచి చాలుననును. ఒకసారి మేము రేకుతో కొలిచి చూచితిమి, సరిపోయినది. ఇట్టి విద్యకు పట్టాలేదు, పింఛను లేదు. గనులలో కాంట్రాక్టు పనివారికి లాభములనుండి తొలిసారి 2024లో తలకు 5,000 రూపాయలిచ్చిరని పత్రికలలో చదివి, "మా అసొంటోళ్లకు గదిగూడ లేదు" అని నవ్వెను. ఆయనయొద్ద పని నేర్చుకొన కుర్రవాడెవడును రాడు. ఆయన కుమారుడే వేరొక యూర దుకాణములో గుమాస్తా.

ఆయనయొద్ద నేర్చుకొన్నది మా కుమార్తె. మెకానికల్ డిప్లొమా చదివినది. కాలేజీలో నాలుగుగోడల నడుమ బొమ్మలుగా చూచినవానిని ఆదివారములలో మా యింటిముందర విప్పి చూచినది. మొదట మా యింట గొడవయే. ఆడపిల్ల బండిక్రింద దూరుటేమని మా యిల్లాలు. నలుగురు చూతురని మా యక్కగారు. నలుగురు చూచుచునే యుండిరి. మేము మాత్రము ఒక్కటి చెప్పితిమి. భూగర్భ గనిలోనికి స్త్రీ దిగరాదని 1952 నాటి గనుల చట్టము నిషేధించెను. 2019లో కేంద్రప్రభుత్వము ఆ నిషేధమును సడలించి, సాంకేతిక, పర్యవేక్షణోద్యోగములకు పగటివేళ దిగవచ్చుననెను. చట్టమే పాతాళమునకు దిగనిచ్చినప్పుడు మీరు బండిక్రింద దూరనీయరా యని.

మా తండ్రిగారు అప్పటికి బ్రతికియున్నారు. మనుమరాలి గోళ్లలోని నల్లని గ్రీజును చూచి చాలసేపు మాటాడలేదు. తుదకు కిరసనాయిలు తెప్పించి, గుడ్డతో నెట్లు తుడువవలెనో తామే చూపిరి. ఆయన నలుపును కూలికై యంటించుకొనిరి. మాకది యంటరాదని కోరిరి. ఈ పిల్ల ఇష్టముకొలది యంటించుకొన్నది. ఈ రెండును ఒక్కటి కావు. కాని చదువుకొన్నవాని చేతికి మురికి యంటుట అవమానమను భావమొకటి ఈ రెంటి నడుమ పెరిగినది. తండ్రి చెమటతో చదివిన కొడుకు, చెమట పట్టినవానిని దూరముగా నుంచుట మా కాలనీలో నింటింటను చూచుచున్నాము. మా యింటిలోను చూచితిమి.

2023లో నొక పెండ్లిసంబంధము వచ్చెను. వరుడు ఉద్యోగస్థుడు. మర్యాదస్థులు. పదునొకండింటికి వత్తుమని పదిగంటలకే వచ్చిరి. అప్పటికి మా పిల్ల కార్బురేటరు విప్పి పాతపత్రికమీద పేర్చుకొని యున్నది. లేచి నమస్కరించి, "చేతులు కడుక్కొనివస్త అత్తమ్మా" అని లోపలికి పోయెను. వరుని తల్లి ఆ సామాను వంకను, మా వంకను మార్చి మార్చి చూచెను. పిమ్మట టీలు, కుశలప్రశ్నలు. లేవబోవునప్పుడు వరుని మేనమామ మా భుజముమీద చేయివేసి, "బావగారూ, కట్నం గిట్నం మేమడుగం. ఆ పాత డబ్బను తీసేసి పిల్లకు ఒక కొత్త బండి పెట్టుండ్రి, సాలు" అనెను. కట్న నిషేధ చట్టము 1961 నాటిది. కొత్తబండి పది పండ్రెండు లక్షలు. కట్నమని పేరు పెట్టకున్న చట్టమునకు బండి కనబడదని మనవారి నమ్మిక. మేము, "మా యింట నున్న బండి యిదొక్కటే; కావలెనన్న దీనినే యిత్తుము, మరమ్మత్తు మా పిల్లకు వచ్చును" అంటిమి. ఆయన హాస్యమనుకొని నవ్వెను. వారముదినములకు జాతకములు కలియలేదని మధ్యవర్తి కబురుచేసెను.

మా యిల్లాలు రెండుదినములు అన్నము తినలేదు. బండిపిచ్చి పిల్ల సంబంధమును చెరచెనని బంధువులనిరి. మా యభిప్రాయము వేరు. జల్లెడ యొకటి వాకిట నున్నది. అది తన పని చేసినది. కాని ఈ మాటను మా యిల్లాలి యెదుట అనుటకు మాకు నేటికిని ధైర్యము చాలదు. ఆమెకు పిల్ల వయస్సు లెక్కలోనిది. మాకు జల్లెడ లెక్కలోనిది. పిల్లను అడిగినచో, "ఆ దినం కార్బురేటరు జెట్టులో చెత్త దొరికింది, అదే నాకు గుర్తున్నది" అనును.

పాతబండ్లపై మక్కువ ధనికుల వ్యసనమని యొక వాదము కలదు. హైదరాబాదులో చౌమహల్లా సౌధమున 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ బండి యొకటి ప్రదర్శనకుంచబడినది. దానిని కోరి చేయించినది ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్. ఆయన 1911లో మరణించుటచే అందు కూర్చుండుటకు నోచుకొనలేదు. ఆయన యేలుబడిలోనే ఇల్లందు ప్రాంతమున బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. ఆ సొగసైన బండి చాల తక్కువ దూరము నడచినదందురు. అట్టి బండిని అద్దాల వెనుకనుండి చూచి వచ్చుటకును, నలువదియైదు వేల బండిని చేతులార నడిపించుకొనుటకును పోలిక లేదు. ఒకటి ఐశ్వర్యమునకు గుర్తు. ఇంకొకటి పని.

అయినను పాతదంతయు బంగారమని వ్రాయుట మాకు సమ్మతము కాదు. పద్మినికి నాలుగుచక్రములకును డ్రమ్ము బ్రేకులే. నేటిబండి నిలుచు దూరములో నిది నిలువదు. గాలిసంచులు లేవు. పొగను శుద్ధిచేయు సాధనము లేదు. అందుచే మేము వర్షపు రాత్రులందు రాజీవ్ రహదారి యెక్కము. పసిపిల్లలను ముందర కూర్చుండబెట్టము. ఆదివారము తప్ప నడపము. నిత్యము బడికి పోవునది సైకిలుమీదనే. ఊరంతయు ఇట్టి బండ్లనే తోలవలెనని ఎవరైన ననిన, వారితో మొదట తగవులాడువారము మేమే.

చట్టమునకు గూడ మా బండి నచ్చదు. ఏబదియేండ్లు దాటినదానికి 2021 నాటి నిబంధనలచే పురాతనవాహనమను గౌరవము, ప్రత్యేకమైన సంఖ్యాఫలకము దక్కును. మా దానికి ఇంక పదేండ్లకు పైగా నోపిక పట్టవలెను. అంతవరకు ఇది వట్టి ముసలిది. పదునైదేండ్లు దాటిన కారుకు మరల నమోదుచేయు రుసుము 2022లో 600 నుండి 5,000 రూపాయలకు పెరిగినది. ఇరువదియేండ్లు దాటినచో 2025లో 10,000 అయినది. ఆపై పెట్రోలులో నూటికి ఇరువదివంతులు ఇథనాలు. అది తేమను పీల్చును. పాత రబ్బరు గొట్టములను, పంపులోని పొరను మెత్తబరచి చెరచును. చెరకు రైతునకు మేలని, దిగుమతి తగ్గునని చెప్పుచున్నారు. అది నిజమే కావచ్చును. కాని మా పంపు పొర మాత్రము ఈ వేసవిలో చిట్లినది.

ఉస్తాదు బొంబాయినుండి కొత్తపొర తెప్పించుచున్నాడు. దానిని తానమర్చననియు, ఈసారి పిల్లయే యమర్చవలెననియు, తాను ప్రక్కన స్టూలు వేసికొని చూచుచుందుననియు చెప్పెను. కన్నులు మునుపటివలె కనబడుటలేదట. పొర వచ్చిన తరువాతి ఆదివారము, ఎండ యెక్కక మునుపే, బొక్కలగుట్ట దారిని గాంధారి మైసమ్మ గుడివరకు పోయి రావలెనని తలంపు. మా యిల్లాలు గూడ వచ్చెదననెను. నీళ్లసీసాలు మూడు పెట్టుకొమ్మని చెప్పినది.